కబురోళ్ళు, పెద్ద, పనోళ్ళు

కిందటి నెల నౌపడలో ఉన్న పాత స్నేహితురాలిని చూడడానికి విజయనగరం నుంచి నా కారులో ఒక్కదాన్నే బయలుదేరాను. ఉప్పు మళ్ళు తెల్లగా కనబడే చోటికి వచ్చేసరికి బండి ఎగిరెగిరి పడడం మొదలుపెట్టింది. స్టీరింగు వెనకాల ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. బతుకంతా బండ్లు బాగుచేసినదాన్ని కాబట్టి రోగం ఏ దిక్కున ఉందో తెలిసింది గానీ, తేల్చుకోవడానికి కావలసిన పరికరం ఆ రోజు నా వెంట లేదు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి కనబడితే అక్కడికి తీసుకెళ్ళి ఆపాను. ఆటో కింద నుంచి పాతికేళ్ళ అమ్మాయి ఒకతె పాకుకుంటూ బయటికొచ్చింది. తలకి చున్నీ చుట్టుకుంది, చుడీదారు మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంది. నేనేమీ చెప్పకముందే అగ్గిపెట్టెంత పరికరం ఒకటి స్టీరింగు కింద గుచ్చి, తన ఫోను తెర చూసి, "బయపడకండమ్మా. గాలి కబురోడు తప్పుడు కబురు సెప్తన్నాడు. పెద్దేమో అదే నిజమనుకుని పెట్రోలు తగ్గించీస్తన్నాడు. పది నిమషాల పని," అంది.

ఏమీ ఎరగనట్టు, "కబురోడంటే ఎవరమ్మా?" అని అడిగాను.

"మీకు తెల్దా అండి? ఇంజన్లో ఎక్కడేటి అవుతందో పెద్దకి కబురు సెప్పేవోడండి. ఇంగ్లీషులో దాన్నే సెన్సారంటారు."

"ఆ మాట నీకెవరు నేర్పారు?"

"నేర్పడమేటండి, అందరం అదే అంటాం. మా మేస్త్రీ అంటాడు. ఆయనకి పని నేర్పినాయన కూడా అదే అనీవోడంట."

బండి బాగయ్యాక కొంత దూరం వెళ్ళి, ఒక పక్కగా ఆపుకుని, ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. ఆ మాట పుట్టింది శ్రీకాకుళంలో, మా ఇంటి అరుగు మీద. పుట్టినప్పుడు అక్కడున్నది ముగ్గురం. మా నాన్న, మా అమ్మ, నేను. అది మా నాన్న నోట్లోంచి వచ్చిన మాట. ఎన్ని షెడ్లు తిరిగి, ఎందరి నోళ్ళలో నాని నౌపడ చేరిందో గానీ, ఇప్పుడు దానికి ఇంగ్లీషు మాటే అనువాదం అయి కూర్చుంది.

మా నాన్న పేరు దానియేలు. ఊళ్ళో అందరికీ దానియేలు మేస్త్రి. హైవేకి వెళ్ళే రోడ్డులో వరసగా ఉండే మెకానిక్ షెడ్లలో మాది చిట్టచివరిది. ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, రెంటికీ మధ్య అరుగు. మా అమ్మ మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. అందుచేత మా ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు పోట్లాడుకుంటూ ఉండేవి. షెడ్డు వైపు నుంచి పెట్రోలూ గ్రీసూ, అమ్మ చీర కుచ్చెళ్ళలోంచి ఫినాయిలు. పొద్దున్నే అమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, కాచి, ఎండు నెత్తళ్ళ చేపలు వేయించి పెట్టేది. నాన్న కిరసనాయిలుతో ఒకసారి, బట్టల సబ్బుతో ఒకసారి చేతులు తోముకుని వచ్చి కూర్చునేవాడు. ఎంత తోమినా గోళ్ళ అంచులు నల్లగానే ఉండేవి. ఆదివారం చర్చిలో తెల్లచొక్కా వేసుకుని పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు కూడా ఆ గోళ్ళే కనబడేవి. వాటిని దాచుకోవడానికి ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు.

అన్నం ముందు ప్రార్థన ఆయనే చేసేవాడు. కళ్ళు మూసుకునేవాడే గానీ చెవులు మాత్రం రోడ్డు మీదే ఉండేవి. ఆమెన్ అన్న మరుక్షణం, "ఇప్పుడెల్లిన జీపుకి మూడో ప్లగ్గు పని సేయట్లేదు," అనేవాడు. "దేవుడికి దండం పెట్టినప్పుడు కూడా ఇంజన్లేనా నీకు?" అని అమ్మ కసిరేది. "ఆ సెవులు దేవుడిచ్చినవే కదేటి," అని ఆయన నవ్వేవాడు. బోనెట్ ఎత్తకుండానే ఆయన సగం రోగం చెప్పేవాడు. పొగ గొట్టం దగ్గర కూర్చుని వాసన చూసేవాడు. ఇంజన్లో నిప్పు రాజేసే ప్లగ్గు విప్పి వెలుగులో పట్టుకుని చూసేవాడు. కాఫీపొడి రంగులో ఉంటే పెట్రోలూ గాలీ సరిపాళ్ళలో కలుస్తున్నట్టు. బొగ్గులా నల్లబడితే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లబడితే గాలి ఎక్కువ. ఆ రెంటినీ కలిపే కార్బురేటర్ మీద చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని పావు తిప్పో, అందులో సగమో తిప్పి, చెవి ఒగ్గి, "ఇప్పుడు పాడతన్నాది," అనేవాడు. విజయనగరం నుంచి కూడా ఆయన కోసం బండ్లు వచ్చేవి.

అలాంటి మనిషి ముందు ఒకరోజు కార్బురేటరే లేని కారు వచ్చి ఆగింది. నాన్న బోనెట్ ఎత్తి చాలాసేపు నిలబడ్డాడు. ఎక్కడ చూసినా వైర్లు, వాటిని కలిపే ప్లాస్టిక్ కొక్కేలు, ఒక మూల అల్యూమినియం పెట్టె. తిప్పడానికి స్క్రూ అన్నదే లేదు. బోనెట్ మెల్లగా దించి, "ఇది కంప్యూటర్ బండి బాబూ, వైజాగ్ తీసుకెళ్ళిపో," అన్నాడు. ఆ నెలలో అలాంటి బండి ఇంకొకటి, తర్వాత ఇంకా రెండు. వచ్చిన బండిని వెనక్కి పంపడం మా నాన్న జీవితంలో అదే మొదలు. పక్క షెడ్డు అప్పలనాయుడు ఎచ్చెర్ల దగ్గర రైతు కుటుంబం వాడు. సగం ఏడాది వరి, సగం ఏడాది స్పానర్లు. మా నాన్నని బావా అని పిలిచేవాడు. "నాకైతే పొలముంది బావా, నీకేటుంది?" అని ఆయన జాలిపడ్డాడు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని ఉందట అని ఆ పూట నాన్న అమ్మతో అనడం నేను విన్నాను. అమ్మ చేటలో బియ్యం చాలాసేపు చెరుగుతూనే ఉంది.

అప్పటికి నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు నాన్న. "ఈ మసి నాతోనే పోవాలి," అనేవాడు. నేను కాలేజీ లైబ్రరీకి వెళ్ళి, ఇంజన్లను ఎలక్ట్రానిక్స్‌తో నడిపించే విద్య మీద ఉన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొచ్చి అరుగు మీద కూర్చున్నాను. మొదటి వారంలోనే ఒక చిత్రమైన సంగతి అర్థమైంది. ఆ పుస్తకంలో ప్రతి మాటా నేను చదవగలను, కానీ ఇంజను నాకు తెలియదు. ఇంజను ఆయనకి అరచేతిలో ఉంది, కానీ ఆ మాటల్లో ఒక్కటీ ఆయనకి తెలియదు. మేమిద్దరం కలిస్తే ఒక పూర్తి మెకానిక్ అవుతాం.

సాయంత్రం షెడ్డు మూసి ఆయన అరుగు మీదికి రాగానే, "నాన్నా, కూకో. ఇది ఇను," అన్నాను.

"ఆ పెట్టె ఏటి ముందు సెప్పు."

"ఈసీయూ అంటారు. ఇంజన్ని నడిపించే కంప్యూటరు అదే."

"అది ఇంజన్ని సూస్తాదేటి?"

"సూడదు. సెన్సర్లు సూసి దానికి సెప్తాయి."

"సెన్సారంటే?"

పరీక్షలో రాసిన జవాబు అప్పగించాను. "భౌతిక రాశిని విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం."

నాన్న అమ్మ వైపు తిరిగి, "ఏటంటంది నీ కూతురు?" అన్నాడు. అమ్మ పులుసులో గరిటె తిప్పుతూ, "మనుసులు మాటాడే మాటల్లో సెప్పవే," అంది.

సిగ్గుపడి మళ్ళీ మొదలుపెట్టాను. "ఇంజను ఎంత ఏడిగా ఉందో సూసేది ఒకటి. లోపలికి గాలి ఎంత వస్తందో సూసేది ఒకటి. నువ్వు యాక్సిలేటరు ఎంత తొక్కినావో సూసేది ఒకటి. బయటికెళ్ళే పొగలో ఏటుందో సూసేది ఇంకోటి. ఎవుడి దగ్గరున్న సంగతి ఆడు పెట్టెకి కబురు పంపుతాడు."

నాన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "కబురోళ్ళన్నమాట. మరి కబురిన్నాక ఆ పెట్టె ఏటి సేస్తాది?"

"ఎంత పెట్రోలు కొట్టాలి, నిప్పు ఎప్పుడెయ్యాలి అని తీర్పు సెప్తాది."

"అయితే అది పెద్ద, ఊరి తగువు తీర్సే పెద్దలాగ. తీర్పు ప్రకారం పని సేసీవోళ్ళెవులు?"

"పెట్రోలు కొట్టే ఇంజెక్టర్లు, నిప్పేసే కాయిలు..."

"ఆళ్ళు పనోళ్ళు. కబురోళ్ళు, పెద్ద, పనోళ్ళు. అంతేనా? ఇంతోటిదానికి అంత లావు పుస్తకమేటే!" అని నాన్న చాలా రోజుల తర్వాత పెద్దగా నవ్వాడు.

ఆ వేసవిలో సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి. ఒక్కొక్క మాటా ఆయన ముందు పెట్టేదాన్ని, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తనదైన పేరు పెట్టుకునేవాడు. నేను నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. ఇంజెక్టరు ఒక్కో విడతకి ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో చెప్పే కొలతకి పుస్తకం పల్స్ విడ్త్ అంది, నాన్న 'నోరు తెరిసే సేపు' అన్నాడు. మ్యాప్ అన్న మాట దగ్గర మాత్రం ఇద్దరం రెండు రోజులు కొట్టుకున్నాం. పటం అన్నాను, ఏ ఊరి పటం అన్నాడు. చివరికి గళ్ళు గీసి చూపించాను. పైన ఇంజను వేగం, పక్కన మోస్తున్న బరువు, రెండు వరసలూ కలిసే గడిలో ఒక అంకె. ఈ వేగంలో, ఈ బరువుకి, ఇంత పెట్రోలు. నాన్న మొహం వెలిగింది. "ఇది ఎక్కాల పుస్తకం కదే! ఆరేడులెంత అంటే యేలెట్టి సూపించినట్టు." ఔను, అంతే. నిప్పు ఎంత ముందుగా వేయాలో చెప్పే ఎక్కాల పుస్తకం ఇంకొకటి ఉంటుంది. ఆ అంకెల్ని దిద్దుకోవడమే ట్యూనింగు. "నాను స్క్రూ తిప్పినాను, ఈళ్ళు అంకె తిప్పుతున్నారు. పని అదే," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన వీపు నిటారుగా అయింది.

ఓపెన్ లూప్, క్లోజ్డ్ లూప్ అన్నవి అమ్మ తేల్చింది. నేను ఎంత చెప్పినా నాన్నకి ఎక్కలేదు. అమ్మ గరిటెతో పులుసు చుక్క అరచేతిలో వేసుకుని నాకి, చిటికెడు ఉప్పు వేసి, మళ్ళీ నాకింది. "రుసి సూసి ఉప్పెయ్యడం ఒకటి, లెక్క ప్రకారం ఏసీసి రుసి సూడకుండా దించీడం ఒకటి. అదేనా నువ్వు సెప్పేది?" అంది. సరిగ్గా అదే. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు ఎక్కువ పోస్తుంది, అది ఓపెన్ లూప్. వేడెక్కాక పొగ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సరు మాట వింటూ తగ్గించుకుంటూ పెంచుకుంటూ పోతుంది, అది క్లోజ్డ్ లూప్. ఆ సెన్సరు సంగతి చెప్పినప్పుడు నాన్న తన ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. "అయితే నా ముక్కుని తీసుకెళ్ళి గొట్టంలో ఎట్టినారన్నమాట."

ఆసుపత్రికి ఒక పెట్రోలు వ్యాను ఉండేది. ఎలక్ట్రానిక్ ఇంజను బండి, ఎవరో దాతలు ఇచ్చినది. పెద్ద డాక్టరు సుగుణమ్మగారు వారానికి మూడు రోజులు అందులో కళింగపట్నం వైపు పల్లెలకి వెళ్ళి గర్భిణీ స్త్రీలని చూసి వచ్చేవారు. ఆ వ్యాను నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. వేడెక్కితే చాలు, ఆగిపోతుంది. వైజాగ్‌లో ఒక వర్క్‌షాపుకి రెండుసార్లు పంపారు. రెండో సారి, కంప్యూటరే మార్చాలి, అది రావడానికి చాలా నాళ్ళు పడుతుంది అన్నారు. ప్రయాణాలు ఆగిపోయాయి. వ్యానుని అమ్మేయాలని కమిటీ నిర్ణయించింది. అమ్మ ఆ కబురు తెచ్చిన రోజు ఇంకో సంగతి కూడా చెప్పింది. కళింగపట్నంలో నెలలు నిండుతున్న ఒకావిడకి బీపీ ఎక్కువగా ఉందట. కిందటి సారి చూసినప్పుడు డాక్టరమ్మ వచ్చే వారం మళ్ళీ వస్తానని మాటిచ్చారట. ఆ వచ్చే వారం దాటి రెండు వారాలైంది. కబురు పంపితే, ఆమె మొగుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళాడు, తీసుకొచ్చే వాళ్ళు లేరన్నారట.

నాన్న అంబలి గ్లాసు కింద పెట్టాడు. "ఆ బండి మన షెడ్డుకి తెమ్మను," అన్నాడు.

మర్నాడు ఉదయం సుగుణమ్మగారు స్వయంగా ఆ వ్యానులో వచ్చారు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాట సూటిగా ఉంటుంది. "మేస్త్రీ, నీకు ఈ బండి తెలుసా?"

"నాకు ఇంజను తెలుసమ్మా. మా అమ్మాయికి పెట్టె తెలుసు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "శుక్రవారం కొనేవాళ్ళు వస్తారు. అంతవరకు నీ దగ్గరే ఉంటుంది," అని నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

నేను మొట్టమొదటిసారి షెడ్డులోకి అడుగుపెట్టాను. చుట్టుపక్కల షెడ్లవాళ్ళంతా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఆ కాలపు బండ్లలో, తప్పులు చదివే స్కానరు చేతిలో లేకపోయినా ఒక ఉపాయం ఉండేది. బోనెట్ కింద ఒక కొక్కెంలో రెండు పిన్నుల్ని వైరు ముక్కతో కలిపితే, లోపల ఇంజను దీపం కొట్టుకుంటుంది. ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి పుస్తకంలో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. వైరు పెట్టాను. దీపం ఒకసారి వెలిగింది, ఆగింది, రెండుసార్లు వెలిగింది. మళ్ళీ మళ్ళీ అదే. ఒకటీ రెండూ. పుస్తకం తిరగేశాను. దానికి అర్థం, ఏ తప్పూ లేదు.

అప్పలనాయుడు పకపకా నవ్వాడు. "బండి సచ్చిపోతంటే పెట్టె బాగానే ఉందంటంది. నీ సదువు కూడా అలగే ఉందే గుంటా!" అందరూ నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. "మూసీ ఆ పుస్తకం," అని నాతో అని, మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన నాతో అంత కటువుగా అంతకు ముందెన్నడూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం అరుగు మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. అమ్మ నా పక్కన వచ్చి కూర్చుని నా జడ విప్పి మళ్ళీ అల్లింది.

తెల్లవారి అంబలి తాగడానికి ముందే నాన్న నన్ను లేపాడు. ఆయన అరచేతిలో నాలుగు ప్లగ్గులున్నాయి. నాలుగూ బొగ్గుల్లా ఉన్నాయి. "నాను ఆలోసించినాను. పెట్రోలు ఎక్కువ పోస్తన్నాడు, ఇది నిజం. పెట్టె తప్పు లేదంటంది, అదీ నిజమే అనుకుందాం. అంటే ఆడికి ఎవుడో అబద్దం సెప్తన్నాడు. నిజంలాగుండే అబద్దం. పెట్రోలు ఎక్కువ పొయ్యమని సెప్పగలిగే కబురోడు ఎవుడు?"

ఆ ప్రశ్న అంతవరకు నాకు తట్టలేదు. నేను తప్పు కోసం వెతికాను, ఆయన అబద్ధం కోసం వెతికాడు. సెన్సరు తీగ పూర్తిగా తెగితే కంప్యూటరు కనిపెట్టేస్తుంది. కానీ నమ్మదగ్గ అంకె చెప్తే, అది తప్పైనా సరే, నోరు మూసుకుని నమ్ముతుంది. "ఇంజను ఏడి సెప్పేవోడు నాన్నా," అన్నాను. "ఇంజను సల్లగా ఉందని సెప్తే పెద్ద ఎక్కువ పోస్తాడు. రుసి సూడ్డం కూడా మానేస్తాడు."

ఇద్దరం షెడ్డుకి పరిగెత్తాం. ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపాం. వేడి సెన్సరుకి ఒక గుణం ఉంది, వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. నా కాలేజీ మల్టీమీటరు తెచ్చి, తీగ విప్పి నేరుగా సెన్సరు దగ్గర కొలిచాను. మూడు వందల చిల్లర ఓములు. ఎనభై డిగ్రీల ఇంజనుకి ఎంత ఉండాలో అంతే. అందుకే వైజాగ్ వాళ్ళు సెన్సరు బాగుందన్నారు. తీగ మళ్ళీ తగిలించి, ఈసారి రెండో చివర, కంప్యూటరు కొక్కెం దగ్గర కొలిచాను. అయిదున్నర వేలు! పుస్తకంలో పట్టిక చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. "నాన్నా, ఇంజను ఇక్కడ మాడిపోతంటే, పెద్దకి మాత్రం మంచు పడతన్నట్టు కబురెళ్తందే!"

"అయితే కబురోడు మంచోడే. దారిలో ఎవుడో మాట మార్సీస్తన్నాడు," అన్నాడు నాన్న. కళ్ళు మూసుకుని, ఆ తీగ పొడవునా రెండు వేళ్ళతో మెల్లగా నిమురుకుంటూ వెళ్ళాడు. చక్రం పైన, మడత తిరిగిన చోట, ఒక అతుకు కొక్కెం దగ్గర ఆగాడు. విప్పి చూశాడు. లోపల ఇత్తడి పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. వారానికి మూడు రోజులు సముద్రపు గాలి తిన్న బండి అది. నాన్న ఆ చిలుము గోరుతో గీరి, నా వేలికి రాసి, "ఇదే నీ కంప్యూటరు రోగం," అన్నాడు. గరుకు కాగితంతో రుద్ది, కొత్త పిన్ను వేసి నొక్కి, గ్రీసు పూసి మూశాడు. మళ్ళీ కొలిచాను. మూడు వందల చిల్లర.

కొత్త ప్లగ్గులు వేసి స్టార్ట్ చేశాను. తాళం నా చేతికే ఇచ్చాడు. మొదట నల్లటి పొగ ఒక్క మేఘం వచ్చింది, తర్వాత పలచబడింది, తర్వాత గొట్టం చివర వేడి గాలి వణకడం తప్ప ఏమీ కనబడలేదు. ఇంజను ఒకే శృతిలో నిలబడింది. నాన్న గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని ఊపిరి పీల్చి, లేచి, షెడ్ల వరసంతా వినబడేలా అరిచాడు. "అప్పలనాయుడూ! బేగి రా! పెట్టె కూడా నిజమే సెప్పింది, నా గుంట కూడా నిజమే సెప్పింది!"

అప్పలనాయుడు వచ్చి, ఒకటికి రెండుసార్లు యాక్సిలేటరు తొక్కి చూసి, తల గోక్కుని, "నిన్న నవ్వినాను, తప్పయిపోనాది తల్లీ," అన్నాడు. అంతమందిలో చేతులు జోడించాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆసుపత్రి గేటులోకి ఆ వ్యానుని నాన్నే నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. సుగుణమ్మగారు బోనెట్ మీద చెయ్యి వేసి, "కళింగపట్నం వెళ్ళి రాగలదా?" అన్నారు. "వెళ్ళి రావడం కాదమ్మా, పాడుకుంటూ వస్తాది," అన్నాడు నాన్న. ఆ పూటే బయలుదేరాం. డాక్టరమ్మ, అమ్మ, నేను వెనక. నాన్న స్టీరింగు దగ్గర. ఎండిన చేపల వాసన తగిలేసరికి బండి చాలాసేపటి నుంచి వేడిగానే ఉంది. అంతకు ముందు ఆగిపోయే ప్రతి మలుపునీ ఆసుపత్రి డ్రైవరు మాకు చెప్పి పంపాడు. ఆ మలుపులన్నీ ఒక్కొక్కటే దాటిపోయాయి. ఇసకలో వలలు ఆరేసిన చోట ఆడవాళ్ళు వ్యానుని చూసి లేచి నిలబడ్డారు. ఆ బీపీ ఆవిడ కాళ్ళు వాచి, గుమ్మంలో కూర్చుని ఉంది. డాక్టరమ్మ చేతికి బీపీ పట్టీ కట్టి చూసి, "ఇంకో రెండు రోజులైతే తల్లి దక్కేది కాదు, ఎక్కించండి," అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆమె తల అమ్మ ఒడిలో ఉంది. నాన్న అద్దంలోంచి ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చెవులు ఇంజను మీదే పెట్టి నడిపాడు. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. కొనేవాళ్ళు శుక్రవారం వచ్చి ఖాళీ చేతుల్తో వెళ్ళారు.

ఆదివారం చర్చి అయ్యాక ఇంటికొచ్చేసరికి మా షెడ్డు నిండా జనం. వరసలో ఉన్న మెకానిక్‌లంతా, ఆమదాలవలస నుంచి ఇద్దరు, నూనె డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నారు. అప్పలనాయుడు పొలం నుంచి గోనెడు వేరుశనక్కాయలు తెచ్చి మధ్యలో పోశాడు. "ఆ మాటలన్నీ మాకు కూడా సెప్పాలి," అన్నాడు. నేను నాన్న వైపు చూశాను. ఆయన తెల్లచొక్కాతోనే వెళ్ళి వాళ్ళ మధ్య ఒక డబ్బా మీద కూర్చుని, మోకాళ్ళ మీద ఆ నల్లగోళ్ళ చేతులు పెట్టుకుని, "మేస్త్రీ, మొదలెట్టు," అన్నాడు నాతో. అంతవరకు ఆ పేరుతో ఆయన్ని తప్ప ఎవర్నీ పిలవగా నేను వినలేదు. మసి పట్టిన గోడ మీదే సుద్దముక్కతో పెట్టె బొమ్మ గీశాను. ఆ రోజు మొదలు నేను చెప్పడం ఆపలేదు. విజయనగరంలో నా సొంత వర్క్‌షాపు, ట్యూనింగ్ గది, ఏటేటా నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు, అన్నిటికీ పునాది ఆ వేరుశనక్కాయల మధ్యాహ్నమే.

ఇప్పుడు ఫోనులోనే ఇంజను గుండె చప్పుడంతా కనబడుతుంది. మేము రెండు రోజులు పడి కనిపెట్టిన అబద్ధం ఇప్పుడు ఒక గీత రూపంలో తెర మీద పాకుతూ కనిపిస్తుంది. ఎక్కాల పుస్తకం దిద్దడానికి లాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు. అప్పటికంటే ఇప్పుడు మేలా అని నన్ను చాలామంది అడుగుతారు. మేలే. సందేహం లేదు. ఒక బండి ఆగితే ఒక తల్లి ప్రాణం మీదికి వచ్చే రోజులు మంచివని నేను ఎన్నటికీ అనను. ఒక్కటి మాత్రం తగ్గింది. తెర చెప్పాక ఇంక ఎవరూ తీగని వేళ్ళతో నిమరరు. నా దగ్గర నేర్చుకునే పిల్లల చేత వారానికి ఒక రోజు తెర మూయించి ప్లగ్గు రంగు చూపిస్తాను, వాసన చూడమంటాను. విసుక్కుంటారు. తర్వాత ఒకరోజు వాళ్ళకే అవసరం పడుతుంది.

నాన్నకి ఇప్పుడు ఎనభై దాటాయి. అమ్మ ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ ఆ షెడ్డు వెనక ఇంట్లోనే, నేను ఎంత రమ్మన్నా రాకుండా, గట్టిగా ఉన్నారు. మొన్న వాళ్ళని చూడడానికి వెళ్ళాను. షెడ్డు ముందు బ్యాటరీ ఆటో ఒకటి ఆగి ఉంది. రోజూ మధ్యాహ్నం చార్జింగ్ పెట్టుకోవడానికి ఒకావిడ అక్కడ ఆపుకుంటుందట. నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళజోడు మీటరుకి ఆనేంత దగ్గరగా వంగి చూస్తున్నాడు.

"దీన్ని చూసి బెంగ పెట్టుకున్నావేటి నాన్నా? పొగ లేదు, ప్లగ్గు లేదు, చప్పుడు లేదు," అన్నాను, ఆయన్ని ఓదార్చాలన్న ఉద్దేశంతోనే.

"బెంగెందుకే? నిన్న ఆవిడ పక్కన కూకుని బ్రిడ్జి దిగినాను. దిగుడులో ఆవిడ యాక్సిలేటరు పిడి వదిలీసరికి బ్యాటరీ అంకె పెరిగింది. తగ్గాలి గానీ పెరగడమేటి? రెండోసారి ఎక్కించి దింపమన్నాను. మళ్ళీ పెరిగింది. అప్పుడు తెలిసింది. దిగుడులో సక్రం మోటార్ని తిప్పతన్నాది, మోటారు కరెంటు ఎనక్కి పంపతన్నాది. దానికి ఇంగ్లీషులో ఏటంటారో నాకు తెల్దు గానీ, పని మాత్రం అదే."

పెట్రోలు ఇంజన్లతోనే బతుకంతా గడిపినదాన్ని. బ్యాటరీ బండి సంగతి ఎప్పుడో చదువుదాంలే అని పక్కన పెట్టినదాన్ని. "ఎంత వెనక్కి వస్తుంది? బ్యాటరీ నిండి ఉంటే ఆ కరెంటు ఎటు పోతుంది?" అని అడిగాను.

నాన్న కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. ఆ ముడతల మొహం నిండా నవ్వు పరుచుకుంది. పక్కకి జరిగి, సీటు మీద చేత్తో తట్టాడు.

"నీకూ తెల్దేటి? రా, కూకో. నాను సెప్తాను."